పాత బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌ని రోజువారీ బండిగా కొనాలంటే: టోకెన్ ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

కొత్తలో ముప్పై, నలభై లక్షలు పోసి కొన్న బండి పదేళ్లు దాటేసరికి మామూలు కొత్త కారు ధరకి దిగొస్తుంది. దిగింది బండి ధర ఒక్కటే. దాని హెడ్‌లైటు, గేర్‌బాక్సు, ఏసీ కంప్రెసర్ ఇప్పటికీ నలభై లక్షల బండి స్పేర్లే. ఈ లెక్క మర్చిపోయినవాళ్లే ఏడాది తిరక్కుండా బండిని మళ్లీ అమ్మకానికి పెడతారు. మీ దగ్గర పది లక్షలుంటే బండికి ఎనిమిది లోపే పెట్టండి. మిగతా రెండూ మొదటి ఏడాది రిపేర్లకని పక్కన ఉండాలి. ఆ రెండు లక్షలు కూడా లోనులోనే సర్దుదామనుకుంటే ఈ తరహా బండి జోలికి పోకపోవడమే మేలు.

ఇక్కడ చెప్పేది బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌లో ఎఫ్30 తరం గురించి. మన దేశంలో ఇది 2012 జులైలో వచ్చింది. 2016 ఆరంభంలో ఫేస్‌లిఫ్ట్ అయింది, అంటే అదే తరాన్ని మార్పులతో మళ్లీ తెచ్చారు. 2019 ఆగస్టులో తర్వాతి తరమైన జీ20 రావడంతో దీని వంతు ముగిసింది. దీన్నే ఎంచుకోవడానికి కారణం గేర్‌బాక్సు. ఇందులో ఉన్నది జెడ్‌ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకి అందించేది. అమీర్‌పేట సాయంత్రపు ట్రాఫిక్‌లో గంటసేపు పాకినా దానికి పెద్దగా బాధ ఉండదు. ఇంచుమించు ఇదే డబ్బులో ఊరించే స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ పెట్రోల్ కూడా మంచి బండే, 180 హార్స్‌పవర్. కానీ దాని 7 స్పీడ్ డ్రై క్లచ్ డీఎస్‌జీకి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు) పాకుడు ట్రాఫిక్ పడదు, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోయిందంటే బిల్లు ఆరంకెల్లోకి వెళ్తుంది. ఆక్టేవియానే కావాలనుకుంటే 2017లో 500 బండ్లు మాత్రమే వచ్చిన ఆర్‌ఎస్ 230 వెతకండి, దాంట్లో ఉన్నది ఆయిల్‌లో తడిసి ఉండే వెట్ క్లచ్ డీఎస్‌జీ. దొరకడమే కష్టం, దొరికినా ఓనరు ధర తగ్గించడు.

ముందు మీ రోజు ఎలా గడుస్తుందో చూసుకోండి

ఇంటి నుంచి ఆఫీసు ఆరేడు కిలోమీటర్లే అయితే డీజిల్ వద్దు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆగిపోతుంటే పొగని కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో, గాలి లోపలికెళ్లే ఇన్‌టేక్ మేనిఫోల్డులో మసి గడ్డకడుతుంది. త్రీ సిరీస్‌లో డీజిల్ రకమైన 320డీ అసలు స్వభావం హైవే బండిది. రోజూ ముప్పై నలభై కిలోమీటర్లు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద తిరిగేవాళ్లకి, నెలకోసారి విజయవాడో వైజాగో వెళ్లొచ్చేవాళ్లకి అది సరిపోతుంది.

ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే, మెకానిక్‌కి చూపించే ముందు వాళ్లని వెనక సీట్లో కూర్చోబెట్టి దింపి చూడండి. సీటు కిందికి ఉంటుంది, మధ్యలో, వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ గుట్ట ఉంటుంది. వెనక ముగ్గురు హాయిగా కూర్చోలేరు. ఇంజిన్ ఎంత బావున్నా ఇంట్లోవాళ్లు ఎక్కని బండి రోజువారీ బండి కాలేదు.

ఏ ఇంజిన్ ఎక్కడ దెబ్బ తింటుంది

2015 వరకు వచ్చిన 320డీలో ఉన్నది ఎన్47 డీజిల్, 184 హార్స్‌పవర్, 380 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ చెయిన్ దీనికి వెనకవైపు, అంటే గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. చెయిన్ మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించాల్సిందే. అందుకే చెయిన్ కిట్ ధర కంటే కూలీ ఎక్కువవుతుంది. చెయిన్ తెగే గొడవ ఎక్కువగా 2007-2011 మధ్య తయారైన ఎన్47లది. ఎఫ్30లో వచ్చినవి వాటికంటే నయం, అలాగని చెవి పెట్టి వినకుండా కొనకూడదు. ఇంజిన్ బెల్టుని తిప్పే క్రాంక్ పుల్లీలో రబ్బరు చీలడం కూడా ఈ ఇంజిన్‌కి ఉన్న జబ్బే. బానెట్ తెరిచి ఇంజిన్ నడుస్తుండగా పుల్లీ వంక చూడండి, అది ఊగుతూ తిరుగుతుంటే మార్చాలి.

2016 ఫేస్‌లిఫ్ట్ 320డీలో బీ47 వచ్చింది, 190 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్లు. చెయిన్ ఇందులోనూ వెనకే ఉన్నా ఈ ఇంజిన్‌తో గొడవలు ఎన్47 కంటే తక్కువ. డబ్బు సరిపోతే డీజిల్‌లో కొనాల్సింది ఇదే. రెండు డీజిళ్లకీ ఈజీఆర్ కూలర్ గురించి అడగాలి. కూలర్ లోపల చీలి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారి మసితో కలిస్తే నిప్పు రాజుకునే ప్రమాదం ఉంది. దీని మీదే 2018 నుంచి ప్రపంచవ్యాప్తంగా రీకాల్ జరిగింది. ఛాసిస్ నంబరు ఇస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ బండికి రీకాల్ పని ఏమైనా మిగిలి ఉందేమో చెబుతారు.

పెట్రోల్‌లో 328ఐ అంటే ఎన్20, 245 హార్స్‌పవర్. నడపడానికి అన్నిటికంటే సరదా అయినదీ ఇదే, జేబుకి అన్నిటికంటే భయపెట్టేదీ ఇదే. టైమింగ్ చెయిన్‌కి దారి చూపే ప్లాస్టిక్ గైడ్లు వేడికి పెళుసై విరిగిపోతాయి. ముక్కలు ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులో పడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కి ఆయిల్ అందదు, ఇక ఇంజినే పోతుంది. ఆక్సిలరేటర్ కొద్దిగా నొక్కినప్పుడు వేగంతో పాటు పెరిగే సన్నని ఊళ వినిపిస్తే, అది టర్బో చప్పుడులే అని అమ్మేవాడు చెబితే, నమ్మకండి. గైడ్లు మార్చిన బిల్లు ఉండాలి, లేదా ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. దీంతో పాటు ఎలక్ట్రిక్ వాటర్ పంపు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్, వాల్వ్ కవర్ గాస్కెట్, టర్బో నుంచి వచ్చే ప్లాస్టిక్ చార్జ్ పైపు — ఈ నాలుగూ లక్ష కిలోమీటర్లకి అటూ ఇటూ ఒక్కొక్కటిగా పని చెబుతాయి. ఫేస్‌లిఫ్ట్ తర్వాత వచ్చిన బీ48 పెట్రోల్ వీటితో పోలిస్తే నిశ్చింత.

కాగితాలు

బండి చూడ్డానికి వెళ్లకముందే నంబరు అడిగి వాహన్ వెబ్‌సైట్‌లో లేదా ఎంపరివాహన్ యాప్‌లో చూడండి. ఎన్నో ఓనరు, రిజిస్ట్రేషన్ తేదీ, హైపోథికేషన్ (బండి మీద లోను), ఇన్సూరెన్స్ గడువు అన్నీ అక్కడే తెలుస్తాయి. లోను తీరిపోయిందని నోటిమాటగా చెబితే చాలదు. బ్యాంకు ఎన్‌ఓసీ, రికార్డులోంచి లోను తీయించే ఫారం 35 చేతికి రావాలి. ఇ-చలాన్ సైటులో పాత చలాన్లు కూడా చూడండి. పెద్ద ఇంజిన్ బండి మీద ఓవర్ స్పీడ్ చలాన్లు బారెడు ఉంటే, ఆ బండిని ఎలా తోలారో పోలీసులే రాసి పెట్టినట్టు.

ఏపీ 09 నంబరు చూసి ఆంధ్రా బండి అనుకోకండి, అది 2014కి ముందు హైదరాబాద్‌లోనే రిజిస్టర్ అయిన బండి. నిజంగా వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28తో అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరు, పైన లైఫ్ ట్యాక్స్ ఉంటాయి. పన్నెండు నెలలకు మించి ఉంచాలంటే ఇదంతా తప్పదు. ఢిల్లీలో డీజిల్‌కి పదేళ్ల నిబంధన వచ్చాక అక్కడి 320డీలు చౌకగా కనిపిస్తూ వచ్చాయి. లైఫ్ ట్యాక్స్, రవాణా ఖర్చు, ఆర్‌టీఏ చుట్టూ తిరిగే రోజులు కలిపాకే అది చౌకో కాదో తేల్చుకోండి. పన్ను ఎంత పడుతుందో ఆర్‌టీఏ ఆఫీసులో ముందే లెక్క కట్టించుకోవాలి, బ్రోకర్ చెప్పే అంకె మీద ఆధారపడకూడదు.

ఇంకొక లెక్క ఉంది. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే. 2012 చివర్లో రిజిస్టర్ అయిన బండికి 2027 చివరికల్లా ఫారం 25తో రెన్యువల్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ పని పడుతుంది. 2012, 2013 మోడళ్లు మరీ చౌకగా రావడానికి ఇది కూడా ఒక కారణం.

సర్వీసు ఫైలు అడగండి. ఏ ఏడాది మోడల్ అన్నదాని కంటే ఈ ఫైలు ఎంత లావుగా ఉందన్నదానికే ఎక్కువ విలువ ఇవ్వండి. 2013 మోడల్ అయినా గేర్ ఆయిల్, వాటర్ పంపు, సస్పెన్షన్ ఆర్మ్‌లు మార్చిన బిల్లులు వరసగా ఉంటే అది కొనదగ్గ బండి. 2017 మోడల్ తళతళలాడుతున్నా మూడేళ్లుగా ఒక్క కాగితం లేకపోతే, ఆ మూడేళ్ల పనీ మీ నెత్తినే పడుతుంది.

చల్లని ఇంజిన్‌తోనే మొదలు

పొద్దున్నే వెళ్లండి. ముందు రోజే ఓనరుకి చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగొస్తామని చెప్పి ఇంకో రోజు రండి. చెయిన్ చప్పుడు, పొగ, టర్బో ఆయిల్ తాగడం లాంటివి దాచాలనుకున్నవాడు మొట్టమొదట చేసే పని బండిని ముందే వేడి చేసి పెట్టడం.

ఒకరు లోపల కూర్చుని స్టార్ట్ చేయాలి, ఇంకొకరు బానెట్ తెరిచి ఇంజిన్ వెనకభాగం దగ్గర, అంటే అద్దం వైపు, చెవి పెట్టాలి. డీజిల్ గరగర అన్నది ఎలాగూ ఉంటుంది. మీరు వెతికేది దానిపైన వేరుగా వినిపించే చప్పుడు, డబ్బా రేకు మీద సన్నని గొలుసు ఈడ్చినట్టు. మొదటి రెండు మూడు క్షణాలు వినిపించి ఆగిపోయినా అనుమానించాల్సిందే. తర్వాత ఆక్సిలరేటర్ మెల్లగా 1500-2000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోమనండి. ఆ గొలుసు చప్పుడు అక్కడ మళ్లీ వస్తే చెయిన్ వదులైనట్టే.

సైలెన్సర్ దగ్గర తెల్ల గుడ్డ పట్టండి. డీజిల్‌కి స్టార్టింగ్‌లో కాస్త నల్లమసి మామూలే. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ కాలుతోంది. కూలెంట్ ట్యాంకు మూత, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, తిప్పి చూడండి. నీలంగా ఉండాల్సిన కూలెంట్ తుప్పు రంగులో ఉంటే ఎవరో బోరు నీళ్లు పోశారని అర్థం. మన బోరు నీళ్లలో ఉండే సున్నం రేడియేటర్‌లో పేరుకుంటుంది, వాటర్ పంపుని కూడా తినేస్తుంది.

ఏసీ పరీక్ష మాత్రం పొద్దున కుదరదు. మధ్యాహ్నం ఎండలో, బండి కదలకుండా, పావుగంట ఐడిల్‌లో నడపాలి. కదులుతుంటే చల్లగా, ఆగితే వెచ్చగా వస్తుంటే రేడియేటర్ ఫ్యాను, కండెన్సర్, గ్యాసు ఈ మూడింట్లో ఏదో తేడా ఉంది.

నీళ్లలో మునిగిందా?

మన దగ్గర బండి కొనేవాళ్లు అన్నిటికంటే ఎక్కువసేపు వెచ్చించాల్సిన పరీక్ష ఇది. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ — ఈ మూడు వరదల్లోనూ సెల్లార్లలో ఉన్న కార్లు మునిగాయి. మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, సీట్లు పాలిష్ చేసి ఇంకో ఊళ్లో అమ్ముతారు. త్రీ సిరీస్‌లో ఇది మామూలు కారు కంటే ప్రమాదం. ఎందుకంటే బ్యాటరీ డిక్కీలో కుడివైపు కింద ఉంటుంది, కార్పెట్ కింద నుంచి వైరింగ్ బొత్తులు పోతాయి. మునిగిన ఆరు నెలలకి, ఏడాదికి కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి, ఒకరోజు పవర్ విండో, ఇంకో రోజు ఎయిర్‌బ్యాగ్ లైటు, మరో రోజు గేరు పడకపోవడం అంటూ మొదలవుతుంది. ఏ మెకానిక్కీ అంత తేలిగ్గా అంతుపట్టదు.

మొదట సీట్ బెల్టు పట్టుకుని చివరిదాకా లాగండి. రోజూ బయటకు వచ్చే భాగాన్ని అందరూ కడుగుతారు, చుట్టలో లోపల ఉండే చివరి జానెడుని ఎవరూ కడగరు. అక్కడ మట్టి రంగు గీత అడ్డంగా కనిపిస్తే నీళ్లు ఏ ఎత్తుకి వచ్చాయో ఆ గీతే చెబుతుంది. అన్ని బెల్టులూ లాగండి. తర్వాత టార్చి వేసి సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు చూడండి. అక్కడ తుప్పు ఉండకూడదు. డిక్కీ ఫ్లోర్ ఎత్తి బ్యాటరీ పక్క గుంటలో వేలు పెట్టి రాసి చూడండి, మెత్తటి ఒండ్రు తగిలితే చాలు, మునిగిందని అనుమానించడానికి. తలుపు దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీయనిస్తే కార్పెట్ కింద స్పాంజి నొక్కండి. తడి ఉందంటే వరద కాకపోయినా సన్‌రూఫ్ నీటి గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి, అది కూడా బేరానికి పనికొచ్చే సంగతే. ఏసీ వేయగానే కుళ్లు వాసన, దాన్ని కప్పడానికి డాష్‌బోర్డు మీద రెండు మూడు పెర్‌ఫ్యూమ్ సీసాలు ఉంటే ఇంకాస్త జాగ్రత్త పడండి.

ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్రలో పైన చెప్పిన నెలల్లో పెద్ద క్లెయిము ఉందేమో చూడాలి. వరద బండి అని తేలితే బేరం ఆడొద్దు. సగం ధరకిచ్చినా అది ఖరీదే.

మీటరు, స్కానరు

మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేని పని. కానీ ఈ బండిలో కిలోమీటర్లు డాష్‌బోర్డు మీటర్ల క్లస్టర్‌లో ఒక్కచోటే నమోదు కావు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు (ఈసీయూ) లాంటి ఇతర మాడ్యూళ్లలోనూ, తాళంచెవిలోనూ ఉంటాయి. కంపెనీ సాఫ్ట్‌వేరు ఇస్టా ఉన్న బీఎండబ్ల్యూ స్పెషలిస్టు షెడ్డుకి తీసుకెళ్తే అన్ని మాడ్యూళ్లలో అంకెలు సరిపోల్చి చెబుతాడు. మామూలు స్కానర్లు ఇంజిన్ లోపాలు చూపించి వదిలేస్తాయి, అవి చాలవు. లోపాలన్నీ ఆ పొద్దున్నే చెరిపేసినట్టు కనబడితే, ఓ ముప్పై కిలోమీటర్లు తోలి మళ్లీ స్కాన్ చేయించండి. దాచినవి తిరిగొస్తాయి.

యంత్రం లేకుండానూ కొంత పట్టుకోవచ్చు. మీటరు మీద 55,000 ఉంది, స్టీరింగ్ తోలు మాత్రం పది-రెండు గంటల స్థానాల్లో నున్నగా మెరుస్తోంది, డ్రైవరు సీటు బయటి అంచు కుంగిపోయింది, బ్రేకు పెడల్ రబ్బరు అరిగింది. ఇవన్నీ లక్షకు పైగా తిరిగిన బండి గుర్తులు. కంపెనీ సర్వీసు రికార్డులోనూ, పాత పొల్యూషన్ సర్టిఫికెట్లలోనూ రాసిన కిలోమీటర్లు తేదీల వరసలో పెరుగుతూ పోవాలి. మధ్యలో తగ్గితే ఇక మాట్లాడేదేం లేదు.

బాడీకి పెయింట్ మందం కొలిచే మీటరు అద్దెకో అరువుకో తెచ్చుకోండి. కంపెనీ పెయింట్ 100-150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. 250 దాటితే మళ్లీ పెయింట్ పడింది. 500 దాటితే కింద లప్పం ఉంది. ఒక తలుపుకో బంపరుకో రంగు వేయించడం నేరం కాదు, హైదరాబాద్‌లో తిరిగే బండికి గీతలు పడకుండా ఉండవు. పైకప్పు, పిల్లర్లు, ఛాసిస్ కమ్మీల దగ్గర లప్పం కనిపిస్తేనే వదిలేయాలి. అద్దాల మీద ముద్రించిన ఏడాది బండి ఏడాదితో కలుస్తోందో లేదో, బానెట్ కీళ్ల బోల్టుల మీద రంగు పగిలిందో లేదో కూడా ఓ చూపు చూడండి.

ర్యాంపు ఎక్కించాక

కింద ఉండే ప్లాస్టిక్ షీల్డు ముందు చూడండి. మన స్పీడ్ బ్రేకర్లకి అది గీరుకుపోయి, సగం బోల్టులు ఊడి, చివరికి ఎవరో తీసి పారేసి ఉంటారు. అది లేకపోతే ఆయిల్ సంపుకి రక్షణ లేనట్టే. సంపు, టర్బో పైపులు, గేర్‌బాక్సు ఆయిల్ పాన్ చుట్టూ తడి ఉందేమో చూడాలి. గేర్‌బాక్సు పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టరు దాంట్లోనే కలిసి ఉంటుంది. వేడికి వంకరపోయి అంచుల దగ్గర ఊరుతుంది. కరెంటు కనెక్టర్ దగ్గర స్లీవ్ నుంచి కారడం కూడా మామూలే.

ముందు సస్పెన్షన్ ఆర్మ్ బుష్‌లలో ద్రవం నింపి ఉంటుంది. అవి చీలితే నల్లగా కారిన మరక కనిపిస్తుంది. ఇవి పోతే 80-100 వేగంలో బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. చాలా షెడ్లలో డిస్కులే మార్చేస్తారు, వణుకు మాత్రం అలాగే ఉంటుంది. ఆర్మ్‌లు జతగానే మార్చాలి, తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి. వైజాగ్, చెన్నై, ముంబై లాంటి సముద్రపు ఊళ్ల బండి అయితే బ్రేకు పైపులు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు తుప్పు కోసం ఇంకాస్త నిదానంగా చూడండి.

టైర్లు మర్చిపోవద్దు. ఎక్కువ బండ్లకి 225/50 ఆర్17 రన్‌ఫ్లాట్లు ఉంటాయి. పంక్చరైనా 80 వేగం మించకుండా దాదాపు 80 కిలోమీటర్లు పోతాయి కాబట్టి స్టెప్నీ ఇవ్వకపోయినా నడిచిందన్నమాట. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటితే ఎంత బటన్ ఉన్నా మార్చే లెక్కలో వేసుకోండి. లోపలి గోడ మీద ఉబ్బు ఉందేమో ర్యాంపు మీదే తెలుస్తుంది. కొందరు రన్‌ఫ్లాట్ల గట్టిదనం భరించలేక మామూలు టైర్లు వేయిస్తారు. ప్రయాణం నిజంగానే మెత్తబడుతుంది. అప్పుడు డిక్కీలో పంక్చర్ కిట్టు, గాలి కంప్రెసర్ తప్పకుండా ఉండాలి.

నడిపి చూడటం

కనీసం ముప్పై కిలోమీటర్లు. సగం ట్రాఫిక్‌లో, సగం ఓఆర్‌ఆర్ మీద. పాటలు ఆపేయండి, ఓనరుని కూడా కాసేపు మాట్లాడొద్దని మర్యాదగా చెప్పండి.

బ్రేకు మీద కాలుంచి పార్కు నుంచి డ్రైవ్‌కి, డ్రైవ్ నుంచి రివర్సుకి మార్చండి. గేరు పట్టుకోవడానికి క్షణం మించి పట్టినా, ధబ్ మని తగిలినా ఆయిల్ పాతబడిందో, మెకట్రానిక్‌లో తేడా వచ్చిందో. నింపాదిగా వేగం పెంచుతూ 2 నుంచి 3కి మారేటప్పుడు కుదుపు ఉందా చూడండి. 50-70 మధ్య ఆక్సిలరేటర్ ఆనీఆనకుండా పట్టుకున్నప్పుడు, రోడ్డు పక్క గతుకుల పట్టీ మీద పోతున్నట్టు సన్నని జలదరింపు వస్తే టార్క్ కన్వర్టర్ క్లచ్ అరిగింది. ఒక్కోసారి ఆయిల్ మారిస్తే తగ్గుతుంది. తగ్గుతుందన్న హామీతో మాత్రం కొనకండి.

బండికి రీమ్యాప్ చేయించారా, అంటే పవర్ కోసం ఇంజిన్ సాఫ్ట్‌వేరు మార్పించారా అని సూటిగా అడగండి. 320డీకి పవర్ పెంచడం తేలికే కాబట్టి చాలామంది చేయిస్తారు, అమ్మేటప్పుడు మాత్రం చెప్పరు. గట్టిగా తొక్కినప్పుడు వెనక నల్లమబ్బు లేస్తుంటే అడగకుండానే తెలిసిపోతుంది.

బేరం కుదిరాక మొదటి నెల

బిల్లు ఉన్నా లేకున్నా ఇంజిన్ ఆయిల్, ఫిల్టరుతో మొదలుపెట్టండి. డీజిల్‌కి బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04 ప్రమాణమున్న 5డబ్ల్యూ-30, సుమారు 5 లీటర్లు పడుతుంది. డాష్‌బోర్డు ఎన్ని కిలోమీటర్లు మిగిలాయని చూపించినా 8,000-10,000కి, లేదా ఏడాదికి, ఏది ముందైతే దానికి మార్చండి. టైమింగ్ చెయిన్ బతికేది దీని మీదే. 328ఐకి ఆయిల్ కొలిచే కడ్డీ (డిప్‌స్టిక్) ఉండదు, ఆయిల్ మట్టం డాష్‌బోర్డు స్క్రీన్‌లోని ఐడ్రైవ్ మెనూలో చూసుకోవాలి.

గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. గేర్‌బాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000-1,20,000 కిలోమీటర్లకి, లేదా 8 ఏళ్లకి మార్చమంటుంది. పాన్, ఫిల్టరు, బోల్టులు కలిపిన కిట్టు, 5-6 లీటర్ల ఆయిల్ కావాలి. ఆయిల్ 30-50 డిగ్రీల మధ్య ఉండగా, ఇంజిన్ నడుస్తుండగా మట్టం సరిచూడాలి. స్కానర్‌లో ఉష్ణోగ్రత చూడకుండా అందాజాగా పోసే షెడ్డులో ఈ పని చేయించకండి. మట్టం తక్కువైతే కొత్త ఆయిల్ కంటే పాతదే నయమనిపిస్తుంది.

బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి. ప్యాడ్లు మారిస్తే సెన్సార్ వైరు కూడా కొత్తది, ముందు ఎడమ చక్రానికి ఒకటి, వెనక కుడి చక్రానికి ఒకటి. డిస్కులకి లేత్ పట్టించొద్దు. కనిష్ఠ మందం డిస్కు మీదే ముద్రించి ఉంటుంది, దాని దగ్గరికొస్తే మార్చేయడమే. కూలెంట్ అయితే కంపెనీది సగం, డిస్టిల్డ్ వాటర్ సగం.

బ్యాటరీ ఏజీఎం రకందే వేయాలి, 80 లేదా 90 ఏహెచ్, పాతదాని మీద ఎంత రాసుంటే అంత. బిగించాక స్కానర్‌తో కొత్త బ్యాటరీ అని బండికి నమోదు చేయాలి. చేయకపోతే ముసలి బ్యాటరీయే ఉందనుకుని బండి దానికి తగ్గట్టే చార్జింగ్ చేస్తుంది, కొత్తది ఏడాదికే చతికిలబడుతుంది. వీధి చివర బ్యాటరీ షాపులో చౌకగా వస్తోందని మామూలు బ్యాటరీ వేయించుకుంటే జరిగేదీ ఇదే.

ఇక ఆర్‌టీఏ పని. బండి మీ పేరుకి మారడానికి కావాల్సిన ఫారం 29, 30 మీద అమ్మినవాళ్ల సంతకాలు డబ్బు పూర్తిగా ఇచ్చే రోజే తీసుకోండి. ఇన్సూరెన్స్‌ని పద్నాలుగు రోజుల్లోపు మీ పేరుకి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుతోనే పోతుంది కాబట్టి ప్రీమియంలో ఆ తేడా మీరు కట్టాలి. పాత బండ్లకి జీరో డెప్ (స్పేర్ల ధరలో అరుగుదల కోత లేకుండా క్లెయిము ఇచ్చే కవరు) ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. బండి చేతికొచ్చాక అడగడం కంటే, టోకెన్ ఇచ్చే ముందే ఆ నంబరు మీద రెండు మూడు కొటేషన్లు తెప్పించుకోండి. ఒక హెడ్‌లైటు పగిలితే మీ చేతి నుంచి ఎంత పడుతుందో ఆ కాగితంలోనే ఉంటుంది.